ఉయ్యాలవాడ నరసింహారెడ్డి

నల్లమల కొండలు ఉత్తరము నుండి దక్షిణమునకు పెట్టని కోటవలె సాగిపోవును. వానికి పడమట కుందూనది పారు నల్లరేగడి నేలలు గలవు. నంద్యాల, కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ, నొస్సము ఆ వైపున నున్నవి. తూర్పున మెట్టసీమ. గిద్దలూరు, కంభము, మార్కాపురము ఈ వైపున నున్నవి. సగిలేరు ఇచ్చటి నుండి దక్షిణమునకును, గుండ్లకమ్మ తూర్పునకును పారును. ఈ రెండు సీమలకును నడుమ అడవి, ఆ అడవిలో నంది కనుమ. పూర్వము ఎడ్లబండ్లును, బిడారులును, సైన్యములును ఈ కనుమ గుండనే కొండ దాటుచుండెడివి. నేడు వేర్వేరు జిల్లాలుగా కనబడు ఈ ప్రాంతములలో కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము తాలూకాలు 1858 వరకు కడప జిల్లాలోనే యుండెను. పిమ్మట అవి కర్నూలునకు చేరినవి. కంభము, గిద్దలూరు, మార్కాపుర ప్రాంతములు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు దానిలో కలిసెను. ఆ జిల్లాకే 1972లో ప్రకాశము జిల్లా యను పేరు వచ్చినది.

కొండకు రెండువైపులను ఎరిగి, రెండువైపులను పోరాడిన యొక మనుజుని కథ యిది. అతడు రాజు కాడు, రాజ్యమేలినవాడును కాడు. పాలెగాండ్ర వంశమున పుట్టి, పాలెము లేని కాలమున పెరిగినవాడు. అతని కథ తెలియవలెనన్న ముందుగా పాలెగారన నెవరో తెలియవలెను.

పాళెమనగా సైన్యము విడియు చోటు. విజయనగర రాజుల కాలమున సైన్యమును పోషించుటకై నాయకులకు గ్రామములు ఇచ్చుచుండిరి. గ్రామమిచ్చినందులకు నాయకుడు రాజునకు కొంత కప్పము చెల్లింపవలెను. పిలిచినప్పుడు బంట్లతో రావలెను. తన సీమలో దొంగలు రాకుండ కావలి కాయవలెను. 1565లో విజయనగరము పడిపోయిన తరువాత పై అధికారము సడలినది. గోల్కొండ వారు వచ్చిరి, మొగలులు వచ్చిరి, మైసూరు నుండి హైదరలీయు, టిప్పుసుల్తానును వచ్చిరి. వచ్చినవారెల్లరును కప్పము గైకొని పోయిరే కాని, పాలెగారిని కదలించుట వారికి సులభము కాకుండెను. క్రమముగా కొలువు కొరకు ఇచ్చిన భూమి తాత నుండి తండ్రికిని, తండ్రి నుండి కొడుకునకును సంక్రమించు సొత్తయ్యెను. ఊరి నడుమ మట్టికోట, కోటపై బురుజులు, బురుజుల క్రింద కట్టుబడి బంట్లు. ఈ కట్టుబళ్లకు జీతము రొక్కముగా లేదు. కావలి కాచినందులకు వారికి మాన్యపు భూములుండెడివి. అవి దున్నుకొని వారు బ్రతికెడివారు.

ఈ యేర్పాటు మన దేశమున మాత్రమే యుండెననుకొనరాదు. ఐరోపా ఖండమున కౌంటులను ప్రభువులుండిరి. లాటిను భాషలో ఆ పదమునకు సహచరుడని యర్థము. రాజు వెంట నుండువాడన్నమాట. 768 నుండి 814 వరకు పాలించిన షార్లమేను చక్రవర్తి తన రాజ్యమును పెక్కు సీమలుగా విభజించి, సీమకొక కౌంటును నియమించెను. తీర్పులు చెప్పుట, సుంకములు వసూలు చేయుట, యుద్ధమునకు జనమును తెచ్చుట అతని పనులు. మొదట ఆ పదవి రాజు ఇచ్చిన ఉద్యోగమే. రాజు కోరినచో తీసివేయవచ్చును. కాని తండ్రి చేసిన ఉద్యోగము కొడుకు కోరుట లోకసహజము. 877లో షార్లమేను మనుమడగు చార్లెసు ఇటలీ దేశమునకు దండయాత్ర పోవుచు, తాను లేని సమయమున కౌంటు ఎవడైన చనిపోయినచో అతని కుమారుని హక్కు చెడకుండ ఏర్పాటు చేసెను. అటుపిమ్మట కౌంటుల సీమలు వంశపారంపర్యము లయ్యెను. వారును కోటలు కట్టిరి, బంట్లను పోషించిరి, ఒక్కొక్కప్పుడు రాజునే ధిక్కరించిరి. తుదకు 1789 ఆగస్టులో ఫ్రాన్సు దేశపు ప్రజాప్రతినిధుల సభ వారి హక్కులను రద్దు చేసెను. మరుసటి సంవత్సరము బిరుదులను కూడ తీసివేసెను. అచ్చట ఆ పని చేసినది ఆ దేశపు ప్రజల సభ. ఇచ్చట పాలెగాండ్ర హక్కులు తీసివేసినది సముద్రము దాటి వచ్చిన యొక వర్తక సంఘము. మన కథలోని చిక్కంతయు ఈ భేదముననే యున్నది.

టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధములలో నైజాము నవాబు ఇంగ్లీషు కంపెనీ పక్షమున నిలిచెను. అందులకు ప్రతిఫలముగా 1792లోను, 1799లోను అతనికి బళ్లారి, కడప సీమలు దక్కెను. ఆ సీమలనే 1800 సంవత్సరమున, కంపెనీ సైన్యము పోషణకు బదులుగా అతడు కంపెనీకి ఒప్పగించెను. అందుచేతనే వానికి దత్తమండలములని పేరు వచ్చినది. దానిని చక్కబెట్టుటకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. ఆనాడు ఈ మండలములలో 80 మంది పాలెగాండ్రును, వారి క్రింద 30,000 మంది సాయుధ బంట్లును ఉన్నట్లు లెక్క తేలినది.

మన్రో గట్టివాడు. ఒకే దేశమున ఇందరు దొరలుండుట పనికిరాదని అతని తలంపు. అతడు పాలెగాండ్ర కప్పమును వారు మోయలేనంతగా హెచ్చించెను. చెల్లింపలేనివారి గ్రామములను స్వాధీనము చేసికొనెను. ఎదిరించినవారిపై సైన్యమును పంపెను. కోటలు చేజిక్కించుకొని, బంట్ల ఆయుధములు తీసివేసి, పాలెగాండ్రకు నెలకింతయని భరణము ఏర్పరచెను. ఇంత కాఠిన్యము తగదని లండనులోని కంపెనీ డైరెక్టర్లే అతనిని మందలించిరి. అయినను అతడు తన పద్ధతి మార్చుకొనలేదు. ఇచ్చట నిష్పక్షపాతముగా ఒక మాట చెప్పవలెను. పాలెగాండ్రందరును ధర్మమూర్తులు కారు. తమలో తాము కొట్లాడుకొని పైరులు తగులబెట్టినవారును, రైతుల నుండి రెండు మూడు విధముల పన్నులు పిండినవారును వారిలో నుండిరి. మన్రో రైతుతో నేరుగా శిస్తు కుదుర్చుకొన్నప్పుడు సంతోషించినవారు కలరు. 1827లో అతడు మద్రాసు గవర్నరుగా ఈ సీమకు వచ్చి పత్తికొండలో కలరా సోకి మరణించెను. తరువాత కొందరు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొనిరి. ఒకే పరిపాలన ఒక యింట మేలుగను, వేరొక యింట కీడుగను తోచుట చరిత్రలో అరుదు కాదు.

కీడుగా తోచిన యిండ్లలో నొస్సము పాలెగారి యిల్లు ఒకటి. నొస్సము పాలెగారు చెంచుమల్ల జయరామిరెడ్డి. కంపెనీ వారు పాలెమును తీసివేసి ఆయనకు భరణమిచ్చిరి. ఆయనకు మగసంతానము లేదు. ఆయన కుమార్తె సీతమ్మను ఉయ్యాలవాడ పాలెగాండ్ర వంశమునకు చెందిన మల్లారెడ్డి వివాహమాడెను. వారి కుమారుడే నరసింహారెడ్డి. అతడు 1806లో రూపనగుడి గ్రామమున జన్మించెను. అప్పటికి దత్తమండలములు కంపెనీ పాలనలోకి వచ్చి ఆరేండ్లయినది. పాలెగాండ్రు కోటలలో ఉండిన దినములను అతడు కన్నులార చూడలేదు; పెద్దలు చెప్పగా వినెను. కాని కోటగోడలు కండ్లయెదుట నుండెను. కట్టుబళ్ల కుటుంబములు ఊరిలోనే యుండెను. బోయలు, చెంచులు, ఇతర జనులు పూర్వపు మర్యాద తప్పక రెడ్డియింటికి వచ్చుచు పోవుచునుండిరి. అధికారము పోయినను ఆదరము పోలేదు.

పాలెగారి వంశమునకు దక్కినదెంత? నరసింహారెడ్డి వంతునకు నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు వచ్చెడివి. ఆ కాలమున రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. గణితము వచ్చిన బాలురు లెక్క కట్టి చూడవచ్చును. ఏడాదికి సరిగా 140 రూపాయలగును. పంపకములలో తెగి తెగి పైల వరకు వచ్చిన ఆ మొత్తమును చూచినచో, ఒక ప్రభుత్వము పాత ప్రభువును ఎట్లు గుమాస్తా చిట్టాలో పద్దుగా మార్చినదో తెలియును. అతడు ఆ కాసులకై నెలనెలా కోయిలకుంట్ల ఖజానాకు కబురు చేయవలసి వచ్చెను.

అంతటితో ఆగినను బాగుండెడిది. నొస్సము జయరామిరెడ్డి మరణించినంతనే, ఆయనకు కొడుకులు లేరను కారణముచేత కంపెనీ వారు ఆ భరణమును నిలిపివేసిరి. తాత భరణము దౌహిత్రునకు రావలెనని నరసింహారెడ్డి కోరెను. దొరతనము వారు అంగీకరింపలేదు. ఇది అతని సొంత దుఃఖము. దీనికి తోడు ఊరివారి దుఃఖమొకటి చేరినది. కావలి పని ఇప్పుడు పోలీసులు చేయుచున్నారు కనుక కట్టుబళ్లకు మాన్యములెందులకని అధికారులకు తోచినది. కట్టుబడి చనిపోగానే అతని మాన్యమును సర్కారు స్వాధీనము చేసికొనసాగిరి. తండ్రి దున్నిన చేనిలో కొడుకు కాలు పెట్టరాదు. వారికి వేరు చేయి పని తెలియదు, వేరు నేల లేదు. ఇట్టివారు ఒక్కొక్కరుగా వచ్చి నరసింహారెడ్డి యెదుట మొరపెట్టుకొనిరి. భరణము కొరకు మాత్రమే అతడు కత్తి పట్టెననువారు, మాన్యములు పోగొట్టుకొన్న ఆ కుటుంబములను లెక్కలోనికి తీసికొనుట లేదు. పదకొండు రూపాయల కొరకు వందలమంది ఒకని వెంట నడువరు గదా.

1846వ సంవత్సరము జూన్ నెలలో నరసింహారెడ్డి భరణము తెచ్చుటకై తన మనిషిని కోయిలకుంట్లకు పంపెను. అచ్చటి తహసీలుదారు రాఘవాచారి ఆ మనిషిని నానా మాటలాడి, రెడ్డియే స్వయముగా వచ్చి తీసికొనవలెనని చెప్పి, వట్టిచేతులతో త్రిప్పి పంపెనని జనులు చెప్పుకొందురు. రెడ్డి తాను వచ్చు దినమును ముందుగా తెలిపి మరీ వచ్చెనని కూడ చెప్పుకొందురు. ఆ మాట యెట్లున్నను, అతడు వచ్చిన దినము మాత్రము చరిత్రలో నిలిచినది. అది జూలై 10.

ఆనాడు సుమారు 500 మందితో అతడు కోయిలకుంట్ల ఖజానాపై బడెను. కావలివారిలో కొందరు ప్రాణములు కోల్పోయిరి. ఖజానా తలుపులు పగులగొట్టిరి. లోపల దొరికినది 805 రూపాయల 10 అణాల 4 పైలు. మరల లెక్క కట్టి చూడుడు. అతని భరణము 69 నెలలది కూడినచో సరిగా 805 రూపాయలగును. ఇది యాదృచ్ఛికమే కావచ్చును. కాని ఒక తాలూకా ఖజానాలో నాడుండిన సొమ్మంతయు ఒక పాలెగారి మనుమని ఆరేండ్ల భరణమునకు కూడ చాలలేదన్నచో, ఆ సొమ్ము కొరకే ఆ దాడి జరిగెనని నమ్ముట కష్టము.

వార్త కడపకు చేరినది. అక్కడ తాత్కాలిక కలెక్టరుగా కాక్రేను ఉండెను. అతడు వెంటనే కంభములో నుండిన కెప్టెన్ నాటునకును, వాట్సనునకును ఆజ్ఞలు పంపెను. నరసింహారెడ్డి కోయిలకుంట్లలో నిలువలేదు. రుద్రవరము మీదుగా నల్లమల యంచులకు చేరి, అడవి దాటి తూర్పుసీమలోనికి దిగెను. దారి పొడవునను జనము అతనితో చేరుచుండిరి. మాన్యములు పోయిన కట్టుబళ్లు, వేట తప్ప వేరు జీవనమెరుగని అడవి బిడ్డలు, చిన్న చిన్న పాలెగాండ్ర వంశస్థులు వారిలో నుండిరి. తుపాకులు కొందరికే యుండెను. తక్కినవారికి కత్తులు, ఈటెలు, వడిసెలలు.

గిద్దలూరు చుట్టును కొండలు, వాగులు. సగిలేటి యొడ్డున తుమ్మతోపులు. ఆ చోట్లు తెలిసినవానికి అవి అండ, తెలియనివానికి గండము. జూలై 23వ తేది రాత్రి నరసింహారెడ్డి బలగము గిద్దలూరు వద్ద కంపెనీ సైన్యముపై బడెను. పగటి పోరులో కంపెనీ వరుసలను చెదరగొట్టుట అతనికి సాధ్యము కాదు. తుపాకి దూరమునుండియే చంపును. చీకటిలో తుపాకికి గురి లేదు. చేరువ పోరులో కత్తికి బలమెక్కువ. అతడు ఆ రాత్రిని ఎన్నుకొనుటలోనే అతని యుద్ధజ్ఞానము కనబడుచున్నది. కంపెనీ సైన్యమునకు ఆ రాత్రి పెద్ద నష్టము కలిగెను. పదుమూడు దినముల క్రిందట ఒక ఖజానా దోపిడిగా మొదలైన పని గిద్దలూరుతో యుద్ధమయ్యెను. ఈ సీమలో పుట్టిన బాలురు గిద్దలూరు పేరు విన్నప్పుడు ఈ రాత్రిని కూడ తలంచుకొనవచ్చును.

అయితే గెలిచిన రాత్రికి మరునాడొకటి యుండును. కంపెనీకి కడప నుండియు, కర్నూలు నుండియు, బళ్లారి నుండియు సైన్యము రాగలదు. నరసింహారెడ్డికి వెనుక వచ్చు సైన్యము లేదు. పడినవాని స్థానమున నిలువవలసినవాడు ఊరిలో నాగలి పట్టవలసినవాడే. జూలై, ఆగస్టు మాసములు మెట్టసీమలో విత్తనముల కాలము. ఎన్ని దినములు రైతు చేను విడిచి కొండలలో తిరుగగలడు? దీనికి తోడు సర్కారు వారు అతనిని పట్టియిచ్చినవారికి బహుమానము ప్రకటించిరి. అతనికి అన్నము పెట్టిన ఊరిని శిక్షించుచుండిరి. బలగము నానాటికి పలుచబడెను. నల్లమలలో కొంతకాలము దాగి, అతడు మరల పడమటికి పోయి ఎర్రమల కొండలలో ప్రవేశించెను. అది అతడు పుట్టి పెరిగిన సీమ. ప్రాణభయమున్నవాడు తనను ఎరుగని చోటికి పోవును; అతడు తన్ను ఎరిగినవారి నడుమకే వచ్చెను. నైజాము రాజ్యమునకు పారిపోవుట అతనికి అసాధ్యమేమియు కాదు.

1846 అక్టోబరు 6న పేరుసోముల సమీపమున కొండపైనున్న జగన్నాథాలయమున కంపెనీ సైన్యము అతనిని చుట్టుముట్టెను. అతడు పట్టుబడెను. ఖజానా దాడి జరిగిన నాటికి మూడు నెలలు నిండుటకు ఇంకను నాలుగు దినములు తక్కువ.

విచారణకు ప్రత్యేకముగా ఏర్పాటు చేసిరి. అతనితోపాటు నేరము మోపబడినవారు 900 మందికి పైబడి యుండిరి. ఈ సంఖ్యను మరచిపోరాదు. ఒక దొంగను పట్టుకొన్నప్పుడు తొమ్మిది వందలమంది బోనెక్కరు. వారిలో అనేకులను సాక్ష్యము లేక విడిచిపెట్టిరి. 112 మందికి 5 ఏండ్లు మొదలు 14 ఏండ్ల వరకు శిక్షలు పడెను. వారి పేర్లు పాటలలో లేవు. నరసింహారెడ్డికి మరణశిక్ష విధించిరి. రాజద్రోహము, హత్య, దోపిడి అతనిపై మోపిన నేరములు. అతని తాతకు ఆ సీమలో ప్రభుత్వముండెననియు, అది ఎట్లు పోయెననియు చెప్పుటకు ఆ న్యాయస్థానమున తావు లేదు.

1847 ఫిబ్రవరి 22, సోమవారము. కోయిలకుంట్ల దగ్గర జుర్రేరు వాగు ఒడ్డున ఉరికొయ్య నాటిరి. ఉదయము ఏడు గంటలకు, కలెక్టరు కాక్రేను యెదుట, సుమారు రెండు వేలమంది జనులు చూచుచుండగా నరసింహారెడ్డిని ఉరితీసిరి. అతనికి నలుబదియవ ఏడు దాటినది. చనిపోయిన పిమ్మట కూడ అతనిని విడువలేదు. తలను వేరుచేసి, ఇనుప చట్రములో బిగించి, కోట వద్ద ఎల్లరకును కనబడునట్లు వ్రేలాడదీసిరి. జనులు భయపడవలెనని వారి ఉద్దేశము. అది ఒక దినము కాదు, ఒక నెల కాదు. 1877 వరకు, అనగా ముప్పది సంవత్సరములు, ఆ తల అచ్చటనే యుండెను.

ఈ ముప్పది సంవత్సరములలో లోకము చాల మారినది. 1857లో ఉత్తరదేశమున సిపాయిలు తిరుగబడిరి. 1858లో కంపెనీ ప్రభుత్వమే అంతరించి, విక్టోరియా రాణి పాలన వచ్చెను. ఆ యేడే కోయిలకుంట్ల, కంభము, మార్కాపురము తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి. ఉరి వేసిన కంపెనీ పోయినను, కోయిలకుంట్ల కోట వద్ద ఆ తల మాత్రము కదలలేదు. ఆ దారిని సంతకు పోవు పసివాండ్రు పెద్దవారై, తమ బిడ్డల చేయిపట్టుకొని మరల ఆ దారినే నడిచిరి. ఆ బిడ్డలు పైకి చూచి అడిగియుందురు, పెద్దలు చెప్పియుందురు. కథ మరచిపోకుండ ఉండుటకు ఇంతకు మించిన సాధనము సర్కారు వారు కల్పింపలేకుండిరి. చివరకు 1876లో ధాత కరవు వచ్చినది. చెరువులెండి, పసరము చచ్చి, కర్నూలు సీమలో వేలకొలది జనులు ఆకలికి బలియైరి. ఆ కరవు ఇంకను తీరకముందే తల దాచిన చట్రము మాయమైనది.

రేనాటి సీమలో అతని కథను జానపద గాయకులు పాడుచు వచ్చిరి. పాటలలో అతని గుఱ్ఱము గాలిలో ఎగురును; అతని కత్తి వేటు తప్పదు. పాటకు అట్టి హక్కు కలదు. 2019లో అతని కథ చలనచిత్రముగా వచ్చినది. 2021లో కర్నూలు సమీపమున ఓర్వకల్లు విమానాశ్రయమునకు అతని పేరు పెట్టిరి. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు త్రోవ నేటికిని నల్లమల యడవి గుండనే పోవుచున్నది.